సొంత కథ, సొంతదారులు: 'బీటిల్స్ ఆంథాలజీ' మీద కొన్ని ఆలోచనలు

ఇంగ్లండులో ఒక రేవు పట్టణంలో పుట్టి, ప్రపంచమంతా తిరిగి డబ్బు చేసుకొని, 1970లో విడిపోయిన ఒక పాటల బృందాన్ని గురించి యీ పత్రికలో యెందుకు రాయాలని కొందరు మిత్రులు అడగవచ్చు. అడగడం న్యాయమే. కర్నూలు, కడప జిల్లాల్లో వుండే రచయితకు రాయవలసిన విషయాల కొదవ లేదు. అయినా రాస్తున్నానంటే కారణం వుంది. మా విద్యార్థులు కొందరు సెలవుల్లో ఒక అద్దెగదిలో చేరి, అయిదు డిస్కుల 'బీటిల్స్ ఆంథాలజీ' డాక్యుమెంటరీ సంపుటిని వరుసగా మూడు రాత్రులు చూశారు. నన్నూ పిలిచారు. చూడడం అయిపోయిన తర్వాత మొదలైన వాదన, చూడడానికి పట్టినంతసేపూ సాగింది.

ఆ వాదనలో రెండు పక్షాలు తేలాయి. యిది సామ్రాజ్యవాద దేశపు వినోద వ్యాపారం, దీని మీద విమర్శ రాయడం కూడా కాలాన్ని దుర్వినియోగం చేయడమే అని ఒక పక్షం. పాట పాటే, మంచి పాటకు వర్గమేమిటి అని రెండవ పక్షం. రెండూ నాకు సోమరి వాదనలుగానే తోచాయి. మొదటి పక్షం వాళ్లు చిత్రం చూడకముందే తీర్పు రాసిపెట్టుకున్నారు. రెండవ పక్షం వాళ్లు చూసిన తర్వాత కూడా ఆలోచించడానికి యిష్టపడలేదు. ఒక కళారూపం యే పరిస్థితుల్లో తయారైంది, దాని చరిత్రను యెవరు చెబుతున్నారు, చెప్పేవాళ్లకు ఆ చరిత్ర మీద యేమి హక్కు వుంది, ఆ హక్కును యెట్లా వాడుకున్నారు అనే ప్రశ్నలు వేయకుండా తీర్పు చెప్పడం విమర్శ కాదు.

ముందు వస్తువు సంగతి. బీటిల్స్ విడిపోయిన రోజుల్లోనే, వాళ్లకు మొదట వ్యాను నడిపి సామాన్లు మోసి, తర్వాత వాళ్ల ఆపిల్ కంపెనీకి పెద్దగా యెదిగిన నీల్ ఆస్పినాల్, దొరికిన చిత్రఖండాలన్నీ పోగుచేసి ఒక చిత్రం కూర్చాడు. 'ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' అని దానికి పేరు. అది బయటికి రాలేదు. పనిని మళ్లీ చేతికి తీసుకునేటప్పటికి ఇరవై యేళ్లు గడిచాయి, 1980లో జాన్ లెనన్ హత్యకు గురయ్యాడు. జెఫ్ వాన్‌ఫర్, బాబ్ స్మీటన్ దర్శకత్వంలో తయారైన కొత్త చిత్రం 1995 నవంబరులో టెలివిజన్‌కు యెక్కింది. అమెరికాలో దాన్ని ప్రసారం చేసిన ఏబీసీ కంపెనీ తన మూడక్షరాల పేరు నడుమ బీటిల్స్ పేరును యిరికించి ప్రచారం చేసుకుంది. 1996లో ఎనిమిది వీడియో క్యాసెట్ల పెట్టెగా వచ్చిన రూపం టెలివిజన్‌లో చూపినదానికంటే చాలా పెద్దది, పది గంటలకు పైగా నడుస్తుంది. 2003లో అదే అయిదు డిస్కులయింది. నాలుగు డిస్కుల్లో ఎనిమిది భాగాల కథ, అయిదవ దానిలో కొసరు. మా విద్యార్థులు చూసింది యిదే.

యీ చిత్రానికి వ్యాఖ్యాత లేడు. తెర వెనుక నుంచి గంభీరమైన గొంతుతో మనకు కథ చెప్పి, మన తరఫున ఆలోచించిపెట్టే పెద్దమనిషి యిందులో యెక్కడా వినిపించడు. మాట్లాడేవాళ్లు బతికివున్న ముగ్గురు: పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. చనిపోయిన లెనన్ పాత సంభాషణల్లోంచి మాట్లాడతాడు. వీళ్లు కాక కొత్తగా కెమెరా ముందు కూర్చోబెట్టింది ముగ్గుర్నే: ఆస్పినాల్‌ను, రికార్డింగులు చేయించిన జార్జ్ మార్టిన్‌ను, పత్రికల వ్యవహారం చూసిన డెరెక్ టేలర్‌ను. ఆరుగురు బతికినవాళ్లూ, ఒక చనిపోయినవాడూ. పది గంటల కథ యీ యేడుగురి నోటి మీదుగానే నడుస్తుంది. ఒకే సంఘటనను ముగ్గురు మూడు విధాలుగా చెప్పినప్పుడు దర్శకులు తగువు తీర్చరు, మూడింటినీ పక్కపక్కన పెట్టి వదిలేస్తారు. రచ్చబండ దగ్గర పాతకాలపు సంగతులు చెప్పుకునే ముసలివాళ్ల తీరు యిది. నాకు యీ పద్ధతి నచ్చింది. నచ్చిందని ముందే చెబుతున్నాను, యెందుకంటే దీనిలోని మోసం గురించి తర్వాత చెప్పవలసి వుంది.

సంపుటి మొత్తంలో విలువైనది మొదటి డిస్కు. దానిలోనూ విలువైనది హాంబర్గ్ ఘట్టం. 1960 ఆగస్టులో అయిదుగురు కుర్రవాళ్లు జర్మనీలోని హాంబర్గ్ రేవుకు పనికి పోయారు. పోయింది వేశ్యావాటికలోని తాగుడు క్లబ్బులకు. ఒక్కొక్కరికి రోజుకు ముప్ఫై మార్కుల కూలి. మామూలు రోజుల్లో నాలుగున్నర గంటలు, వారాంతంలో ఆరు గంటలు వేదిక మీద నిలబడి పాడాలి, వాయించాలి. పడుకోవడానికి యజమాని చూపిన చోటు 'బాంబి' అనే చిన్న సినిమాహాలులో తెర వెనుక, మరుగుదొడ్ల పక్క, కిటికీ లేని కొట్టు. హారిసన్‌కు అప్పటికి పదిహేడేళ్లు. రాత్రిపూట క్లబ్బులో పనిచేయడానికి వయసు చాలదని నవంబరులో ప్రభుత్వం అతన్ని దేశం నుంచి పంపేసింది.

యీ ఘట్టాన్ని చెప్పేటప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. అప్పటికి యాభై దాటినవాళ్లు, కోటీశ్వరులు. అయినా ఆ కొట్టు వాసన గురించి చెప్పేటప్పుడు వాళ్లు తమ కీర్తి గురించి చెప్పేటప్పటికంటే జాగ్రత్తగా మాట్లాడతారు. అంతసేపు పాడాలంటే తెలిసిన పాటలు చాలవు, కొత్తవి నేర్చుకోవాలి. తెలిసినవాటినే సాగదీయాలి. తాగినవాళ్లు లేచిపోకుండా నిలబెట్టుకోవాలి. ప్రతిభ ఆకాశం నుంచి వూడిపడుతుందని నమ్మే మన భావవాద విమర్శకులు ఒక్కసారి యీ భాగం చూస్తే బాగుంటుంది. యిక్కడ కనిపించేది శ్రమ, గంటల లెక్కన అమ్ముకున్న శ్రమ. ఆ శ్రమ లోపలే నైపుణ్యం పెరగడం, నైపుణ్యం ఒక హద్దు దాటాక కొత్త గుణంగా మారడం కళ్ల ముందు జరుగుతుంది. దీన్ని చిత్రం సిద్ధాంతంగా చెప్పదు. చెప్పకపోవడమే మంచిదయింది.

అయితే యీ కుర్రవాళ్లందర్నీ ఒకే గంపకెత్తి 'శ్రామికవర్గ బిడ్డలు' అనడం కూడా తొందరపాటు. పేదరికమంటే యేమిటో బాగా తెలిసినవాడు స్టార్. డింగిల్ అనే పేదల పేటలో పుట్టి, చిన్ననాడు ఆసుపత్రుల్లో నెలల తరబడి పడివుండి, చదువు పోగొట్టుకున్నవాడు. హారిసన్ తండ్రి బస్సు నడిపేవాడు. మెకార్ట్నీ తల్లి నర్సు. లెనన్ పెరిగింది పెద్దమ్మ యింట్లో, పరువుగల మధ్యతరగతి వాతావరణంలో. వర్గ విశ్లేషణ అంటే అందరికీ ఒకే చీటీ అంటించడం కాదని మనం మనకు మనమే చాలాసార్లు చెప్పుకోవలసి వస్తోంది.

మెకార్ట్నీ తండ్రి లివర్‌పూల్‌లో ఒక పత్తి వ్యాపార కంపెనీ సేల్స్‌మన్. జీవితచరిత్రల్లో కనిపించే యీ చిన్న వివరం దగ్గర చిత్రం నిలవదు. ఆదోని మార్కెట్టులో పత్తి మూటల నడుమ పెరిగిన మా విద్యార్థి ఒకడు మాత్రం నేను చెప్పగానే నిలబడిపోయాడు. లివర్‌పూల్‌ను లివర్‌పూల్ చేసింది పత్తి. అంతకు ముందు బానిసల వ్యాపారం. పద్ధెనిమిదవ శతాబ్దం చివర బ్రిటన్‌లో బానిసల ఓడలకు అన్నిటికంటే పెద్ద రేవు అదే. 1807లో ఆ వ్యాపారాన్ని చట్టం ఆపేసిన తర్వాత కూడా, అమెరికాలో బానిసలు యేరిన పత్తి ఆ రేవులోనే దిగి లాంకషైర్ మిల్లులకు పోయింది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై ఆ పత్తి ఆగిపోతే, మిల్లు యజమానుల చూపు భారతదేశపు నల్లరేగడి మీద పడింది. ఆ కాలంలోనే లండన్ వాటాదారుల డబ్బుతో, సర్కారు హామీ యిచ్చిన అయిదు శాతం లాభంతో, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా కాలువ తవ్వించింది. పారుదలకే కాదు, పడవల మీద సరుకు రవాణాకు కూడా. కంపెనీ లెక్కలు తలకిందులై 1882లో ప్రభుత్వం దాన్ని కొనవలసి వచ్చింది. మనం రోజూ కె.సి. కాలువ అని పిలుచుకునేది అదే. లివర్‌పూల్ మనకు అనుకున్నంత దూరం కాదు.

యిదంతా పాటల చిత్రంలో యెందుకుండాలి అని అడగవచ్చు. యెందుకంటే ఆ పాటలే అక్కడి నుంచి వచ్చాయి. యీ నలుగురు చిన్ననాడు పిచ్చిగా విని నేర్చుకున్నది చక్ బెర్రీని, లిటిల్ రిచర్డ్‌ను, అంటే అమెరికా నీగ్రో ప్రజల సంగీతాన్ని. యే రేవు ఓడలు వాళ్ల పూర్వులను అమెరికాకు అమ్మివేశాయో, యే రేవులో వాళ్లు యేరిన పత్తి దిగిందో, ఆ రేవు పట్టణపు కుర్రవాళ్లు వాళ్ల మనుమల పాటలను నేర్చుకొని, మళ్లీ అమెరికాకే తీసుకుపోయి అమ్మారు. 1964 ఫిబ్రవరి 9న ఎడ్ సల్లివన్ కార్యక్రమంలో వాళ్లను చూసినవాళ్లు ఏడు కోట్ల ముప్ఫై లక్షల మంది. చిత్రంలో ముగ్గురూ ఆ నీగ్రో గాయకులను గురువులుగా చెప్పుకుంటారు. అది కపటం కాదు, వాళ్ల గొంతులో భక్తి వుంది. 1962లో హాంబర్గ్ స్టార్ క్లబ్బులో లిటిల్ రిచర్డ్‌తో ఒకే వేదిక యెక్కినవాళ్లు కూడా. కాని ఆ గురువుల్లో ఒక్కణ్ణయినా కూర్చోబెట్టి 'మీకేమనిపించింది?' అని కొత్తగా అడిగినవాళ్లు లేరు.

నడిమి డిస్కుల గురించి యెక్కువ చెప్పను. అరుపులు, విమానాలు, హోటలు గదులు, పత్రికల వాళ్లు. చూస్తూ చూస్తూ అలసిపోతాం. బహుశా ఆ అలసటే దర్శకులకు కావలసింది, వాళ్లు 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆఖరి కచేరీ చేసి యిక చాలన్నప్పుడు మనకూ హాయిగానే వుంటుంది. ఆ యేడు జూలైలో ఫిలిప్పీన్స్‌లో అధ్యక్షుడి భార్య ఇమెల్డా మార్కోస్ యిచ్చిన విందుకు పోనందుకు విమానాశ్రయంలో గూండాల చేత దెబ్బలు తిన్న ఘట్టం మాత్రం బాగుంది. ప్రభువుల పిలుపును కాదంటే యేమవుతుందో ఆస్థాన కవుల చరిత్ర చదివిన మనకు తెలుసు. వీళ్లు తెలిసి ధిక్కరించినవాళ్లు కారు, పొద్దెక్కేదాకా నిద్రపోయారు. అయినా విలువ తగ్గలేదు.

యిక మోసం దగ్గరికి వద్దాం.

యీ సంపుటిని తీసింది బీటిల్స్ సొంత కంపెనీ. వ్యాఖ్యాత లేడు గనుక పక్షపాతం లేదనిపిస్తుంది. కాని వ్యాఖ్యాత లేకపోవడం వేరు, యజమాని లేకపోవడం వేరు. యెవరు మాట్లాడాలో నిర్ణయించినవాడే యిక్కడ వ్యాఖ్యాత. 1960 ఆగస్టు నుంచి రెండేళ్లపాటు, ఆ హాంబర్గ్ కొట్టులో వాళ్లతో కలిసి పడుకొని డ్రమ్ములు వాయించిన పీట్ బెస్ట్‌ను 1962 ఆగస్టులో, రికార్డులు బయటికి రాబోయే ముందు తీసేశారు. ఆ మాట మిత్రులు చెప్పలేదు, మేనేజరు బ్రయన్ ఎప్‌స్టీన్ చేత చెప్పించారు. అతను 1995లో బతికే వున్నాడు. చిత్రంలో అతని కొత్త మాట ఒక్కటీ లేదు. యిదే పథకంలో వచ్చిన మొదటి సంగీత సంపుటి అట్టను చూడండి. పాత చిత్రాలను ఒకదానిపై ఒకటి అంటించి కూర్చిన బొమ్మ అది. దానిలో ఒక పాత ఫొటోలో బెస్ట్ ముఖం వున్నంత మేర కాగితం చింపి వుంటుంది, ఆ చిరుగులోంచి స్టార్ ముఖం కనిపిస్తుంది. హాస్యానికి చేశారేమో. 2008లో బెస్ట్ తన సొంత రికార్డు అట్ట మీద ఆ చింపిన ముక్కను వేసుకున్నాడు. సంపుటి మొత్తం మీద నిజాయితీగల విమర్శ అదేననిపిస్తుంది నాకు.

స్త్రీల సంగతి చెప్పనక్కర లేదు. భార్యలను అడగలేదు. హాంబర్గ్‌లో వాళ్ల తొలి రూపాన్ని ఫొటోల్లో పట్టిన ఆస్ట్రిడ్ కిర్షెర్‌ను అడగలేదు. పదకొండేళ్లు అభిమానుల వుత్తరాలకు జవాబులు రాసిన గుమాస్తా ఫ్రీడా కెల్లీ కథ వినాలంటే 2013లో వచ్చిన వేరే చిత్రం చూడాలి. మనవాళ్ల సంగతీ అంతే. 1967 నాటి 'సార్జెంట్ పెప్పర్' రికార్డులో హారిసన్ పాటకు దిల్‌రుబా, తబలా, తంబూరా వాయించినవాళ్లు లండన్‌లోని భారతీయ వాద్యకారులు. ఆనాటి అట్ట మీద వాళ్ల పేర్లు లేవు. అట్ట మీద అరవై మందికి పైగా ప్రసిద్ధుల బొమ్మలున్నాయి, వాటిలో కార్ల్ మార్క్స్ బొమ్మ కూడా వుంది! వాయించినవాళ్ల పేర్లకు చోటు లేదు.

యిది చెప్పగానే మొదటి పక్షం వాళ్లు 'చూశారా, మేము చెప్పలేదా?' అన్నారు. అంతటితో ఆగితే నేనూ వాళ్లతో చేరిపోయేవాణ్ణి. కాని యింకొక వైపు వుంది. 1962లో రికార్డు కంపెనీతో వీళ్లు చేసుకున్న ఒప్పందం ప్రకారం ఒక రికార్డు అమ్ముడైతే వచ్చేది ఒక పెన్నీ. ఆ పెన్నీని నలుగురూ, మేనేజరూ పంచుకోవాలి. పాటల హక్కుల కోసం 1963లో పెట్టిన కంపెనీలో సగం వాటా ప్రచురణకర్తలది. 1969లో వాళ్లు తమ వాటాను వేరే కంపెనీకి అమ్మేశారు. రాసినవాళ్లు యెంత పెనుగులాడినా ఆపలేకపోయారు. 1985లో ఆ పాటలు మైకేల్ జాక్సన్ చేతికి వెళ్లాయి, 4 కోట్ల 75 లక్షల డాలర్లకు. అంటే, ప్రపంచంలో అందరికంటే పేరు పొందిన పాటగాళ్లకు కూడా తమ పాటల మీద యాజమాన్యం దక్కలేదు. అటువంటివాళ్లు తమ కథనయినా యితరులు అమ్ముకోనీయకుండా తామే చెప్పుకోవాలనుకోవడంలో కేవలం అత్యాశే వుందంటే నేను ఒప్పుకోలేను. డబ్బు అవసరం కూడా వుంది. సినిమా నిర్మాణంలో దెబ్బతిన్న హారిసన్ తన వ్యాపార భాగస్వామి మీద 1995లోనే దావా వేశాడు. అవసరమూ, హక్కూ, అహంకారమూ ఒకే మనిషిలో కలిసి వుంటాయి. వాటిని విడదీసి చూడవలసిందే, కాని ఒకదాని పేరుతో మిగిలినవాటిని కొట్టివేయకూడదు.

ఆదోని విద్యార్థి యిక్కడే ఒక ప్రశ్న వేశాడు. 'సార్, సురభి వాళ్లది యిట్లాంటి పెట్టె యేమన్నా వుందా?'

ఆ ప్రశ్న రావడం వల్లనే యీ వ్యాసం రాస్తున్నాను. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో, అంతకు ముందు తోలుబొమ్మలు ఆడించుకు బతికిన కుటుంబాలవాళ్లు, వనారస గోవిందరావు పూనికతో 'కీచకవధ' ఆడారు. మగవాళ్లే ఆడవేషాలు కట్టే ఆ రోజుల్లో యీ కుటుంబాల స్త్రీలు వేదిక యెక్కారు. ఒక సమాజం పదుల సమాజాలయింది. డేరాలు వేసిన చోటే, రంగస్థలం వెనుకే వాళ్ల సంసారం. పిల్లలు తెరల చాటున పుట్టి, తెరల చాటున నిద్రపోయి, నడక రాగానే వేషం కట్టారు. హాంబర్గ్‌లో సినిమా తెర వెనుక కొట్టు వాళ్లకు కొన్ని వారాల కష్టం. సురభి వాళ్లకు అది తరతరాల నివాసం. 1932లో తెలుగులో మొట్టమొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' బొంబాయిలో తయారైనప్పుడు లీలావతి వేషం వేసింది సురభి కమలాబాయి. తెర మీద తెలుగు మాట్లాడిన తొలి కథానాయిక గొంతు కడప జిల్లాలో మొదలైన నాటక సమాజానిది. ఆ చిత్రం ప్రతి నేడు దొరకదు. గొంతు లేదు, బొమ్మ లేదు. దొరికేవి కొన్ని ఫొటోలు, పత్రికల్లో రాతలు.

దీని పక్కన యిది పెట్టి చూడండి. 1958లో, యెవరికీ తెలియని అయిదుగురు కుర్రవాళ్లు డబ్బులు పోగుచేసుకొని లివర్‌పూల్‌లో ఒక యింటి గదిలోని చిన్న స్టూడియోలో రెండు పాటలు పాడి, ఒకే ఒక్క డిస్కు కోయించుకున్నారు. ఒక్కొక్కరూ కొన్నాళ్లు దగ్గర పెట్టుకొని మరొకరికి అందించారు. చివరికి అది పియానో వాయించిన కుర్రవాడి దగ్గర వుండిపోయింది. 1981లో మెకార్ట్నీ దాన్ని కొనుక్కున్నాడు. 1995లో ఆ గొంతులు లోకానికి వినిపించాయి. కుర్రవాళ్ల ఒక్క డిస్కు బతికింది, ఒక జాతి మొదటి టాకీ బతకలేదు. తేడా ప్రతిభలో లేదు. ప్లాస్టిక్కు ముక్కను కూడా ఆస్తిగా చూసి దాచిపెట్టే సమాజం ఒకటి, ఆటగాళ్లను ఆట ముగిసిన మరునాడే మరిచిపోయే సమాజం ఒకటి. పెట్టుబడిదారీ సమాజం దాచిపెట్టేది అమ్మడానికే, నిజం. మనం దాచిపెట్టలేదు, అమ్మనూ లేదు. దీన్ని చూసి గర్వపడవలసిందేమీ లేదు.

మనవాళ్లలో తన కథను తాను చెప్పగలిగిన పాటగాడు లేకపోలేదు. ప్రజానాట్యమండలి బుర్రకథకు ప్రాణం పోసిన నాజర్ జీవితం ఆయన నోటి మాటగా అంగడాల వెంకటరమణమూర్తి రాయగా 'పింజారి' అనే పుస్తకమయింది. పింజారి అంటే పత్తి యేకేవాడు! పత్తి అమ్మేవాడి కొడుకు కథకు పది గంటల చిత్రం, పత్తి యేకే కులంలో పుట్టినవాడి కథకు ఒక పుస్తకం. పుస్తకం తక్కువని కాదు నేను అనేది. నాజర్ దెబ్బలూ ఆకలీ దాచలేదు, తన గురించి తాను చెప్పుకునేటప్పుడు బీటిల్స్ కంటే నిర్మొహమాటంగా వున్నాడు. ఆంథాలజీలో లేని గుణం అది. నాలుగవ డిస్కు దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ పెద్దమనుషులవుతారు. 1968 నుంచి వాళ్ల నడుమ పెరిగిన చీలిక, కంపెనీ డబ్బు తగువులు, 1970 డిసెంబరు ఆఖరున మెకార్ట్నీ మిగిలిన ముగ్గురి మీద వేసిన దావా, వీటి చుట్టూ కథ జాగ్రత్తగా, తొందరగా అడుగులు వేస్తుంది. 1969 జనవరిలో వాళ్లు పాటలు కట్టుకుంటూ, విసుక్కుంటూ, మళ్లీ నవ్వుకుంటూ గడిపిన రోజులను దాదాపు ఎనిమిది గంటలు వున్నవున్నట్టు చూపిన పీటర్ జాక్సన్ చిత్రం 'గెట్ బ్యాక్' 2021లో వచ్చేదాకా ఆ పని దినచర్య మనకు తెలియలేదు. ఆ చిత్రం చూసిన తర్వాత ఆంథాలజీ ఆఖరి భాగం మళ్లీ చూస్తే, మూసిన గదిలోంచి మాటలు విన్నట్టుంటుంది.

రాజకీయాల విషయంలోనూ అంతే. 1966 ఆగస్టులో అమెరికాలోనే, పత్రికలవాళ్ల ముందు, వియత్నాం యుద్ధం తప్పని వాళ్లు అన్నారు. అప్పటికి అది చిన్న సాహసం కాదు. 1969లో లెనన్ రాణి యిచ్చిన బిరుదును తిప్పి పంపాడు. కారణాలుగా బయాఫ్రా, వియత్నాం విషయాల్లో బ్రిటన్ వైఖరిని చెప్పి, వాటి పక్కనే తన కొత్త రికార్డు అమ్మకాలు పడిపోవడాన్ని కూడా చేర్చాడు. మనిషి అంతా ఆ వుత్తరంలో వున్నాడు. వాళ్లే 1966లో తమ ఆదాయపు పన్ను యెక్కువైందని హారిసన్ చేత పాట కూడా రాయించుకున్నారు. హాంబర్గ్ కూలివాడికీ యీ పాటకూ మధ్య ఆరేళ్లే. వర్గం మారితే బాధ యెట్లా మారుతుందో చెప్పడానికి యింతకంటే మంచి వుదాహరణ నాకు దొరకలేదు. తొమ్మిదవ భాగాన్ని కలిపి, పాతవాటిని శుభ్రం చేసి, 2025 నవంబరులో సంపుటి మొత్తాన్ని డిస్నీ కంపెనీ చందాదారులకు చూపడం మొదలుపెట్టింది. యిప్పుడు అట్టపెట్టె అక్కరలేదు. చందా ఆగితే చిత్రమూ ఆగుతుంది. అయిదు డిస్కుల పెట్టె చేతులు మారి మా విద్యార్థుల గదికి వచ్చింది. చందా అట్లా చేతులు మారదు.

అయిదవ డిస్కు మిగిలింది. కొసరు అన్నాను గాని, మొదటి డిస్కు తర్వాత నేను రెండోసారి చూసింది దీన్నే. 1977లో లెనన్ యింట్లో పియానో ముందు కూర్చొని మామూలు క్యాసెట్టులో పాడుకున్న పాటను, అతను చనిపోయిన పద్నాలుగేళ్లకు, మిగిలిన ముగ్గురూ పూర్తి చేశారు. చనిపోయినవాడి గొంతును వాడుకోవడం సబబా అని అడిగేవాళ్లు వున్నారు. 2023లో యంత్రాల సాయంతో ఆ గొంతును మరింత శుభ్రం చేసి యింకొక పాట వదిలినప్పుడు ఆ ప్రశ్న మళ్లీ వచ్చింది. కాని యీ డిస్కులో వాళ్లు ఆ పని గురించి మాట్లాడే తీరు వ్యాపారస్తులది కాదు. స్నేహితుడు సగం చేసి టీ తాగడానికి బయటికి పోయాడు, యిది మనం పూర్తి చేద్దాం అనుకున్నామని చెప్పే తోటి పనివాళ్లది.

తర్వాత హారిసన్ తోటలో ముగ్గురూ గడ్డి మీద కూర్చొని చిన్న వుకులేలేలు మీటుతూ కుర్రతనంలో పాడిన పాత పాటలు పాడుకుంటారు. మరపురాని కచేరీ కాదు. మాటలు మరిచిపోతారు, ఒకరికొకరు అందిస్తారు. డిస్కులు వచ్చేనాటికి హారిసన్ లేడు, 2001 నవంబరులో పోయాడు. గదిలో అంతవరకూ ఆగకుండా వాదిస్తున్న రెండు పక్షాలవాళ్లూ ఆ కాసేపు మాట్లాడలేదు. బయట కె.సి. కాలువ గట్టు మీద యెవరిదో ట్రాక్టరు పోతున్న చప్పుడు వినిపించింది. పాట అయిపోగానే ఆదోని కుర్రవాడు లేచి మొదటి డిస్కు మళ్లీ పెట్టాడు, హాంబర్గ్ దగ్గరికి తిప్పాడు.